పెట్రోలా, డీజిలా? – చేతులు మారిన చురుకు కారు కొనేవారికి

మన మధ్యతరగతి కుటుంబాలలో కారు కొనడము పెండ్లి సంబంధము కుదుర్చుకోవడము వంటిది. నలుగురినీ సలహా అడుగుతాము. నలుగురూ నాలుగు విధాలుగా చెబుతారు. తుదకు మన మనసు దేనివైపు మొగ్గితే దానినే చేసి, మంచిచెడ్డలు పిమ్మట అనుభవిస్తాము. కొత్తకారు విషయములో పొరపాటు జరిగినా, కంపెనీవారి పూచీ కొంతకాలము ఆదుకుంటుంది. ఒకరి చేతినుండి మరొకరి చేతికి వచ్చిన కారుకు ఆ ఆధారము ఉండదు. దాని గుణదోషాలన్నింటికీ కొన్న మరునాటినుండి మనమే వారసులము.

ఈ ప్రసంగానికి కారణము మా మేనల్లుడు. అతడు గుంటూరులో ఒక కళాశాలలో అధ్యాపకుడు, కాపురము నరసరావుపేటలో. రోజూ పోను నలభైయైదు, రాను నలభైయైదు కిలోమీటర్లు ప్రయాణము చేస్తాడు. అతని తల్లి, అనగా మా అక్కగారు, మూత్రపిండాల జబ్బుతో వారానికి రెండుసార్లు గుంటూరు ఆసుపత్రికి వెళ్లి రక్తశుద్ధి చేయించుకోవలసి ఉన్నది. ఇంతకాలము అద్దెకార్లమీద గడిపారు. ఇప్పుడు సొంతకారు కొనాలని నిశ్చయించారు. చేతిలో ఉన్న సొమ్ము పరిమితము. అయినా కుర్రవాడికి వయసులో ఉండే సరదా ఒకటి ఉన్నది. చూడడానికి చిన్నదిగా ఉండి, అదిమితే లేడివలె దూకే బండి కావాలి. ఇంగ్లీషువారు 'హాట్ హ్యాచ్‌బాక్' అనే జాతి కారు అది.

"మామయ్యా, రెండు కార్లు చూశాను. ఒకటే రూపము, ఒకటే పేరు. ఒకటి పెట్రోలు, ఒకటి డీజిలు. ఏది తీసుకోమంటారు?" అని అడిగాడు.

"నీ సరదాకా, మీ అమ్మ ఆసుపత్రికా?" అన్నాము.

"రెంటికీ" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాము. చెప్పలేకపోవడానికి మాకొక సొంత అనుభవము కూడా కారణము. దానిని ముందుకు వచ్చినప్పుడు విన్నవిస్తాము.

ముందు ఈ జాతి కార్ల పుట్టుక చూద్దాము. 1975లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు మోటారు ప్రదర్శనలో ఫోక్స్‌వాగన్ సంస్థ గోల్ఫ్ జీటీఐ అనే కారును చూపినది. మరుసటి సంవత్సరము అమ్మకానికి పెట్టినది. సామాన్య కుటుంబాలు వాడే చిన్నకారులో 110 అశ్వశక్తుల ఇంజను అమర్చడమే అందులోని విశేషము. 5,000 కార్లు అమ్ముడైతే చాలుననుకున్న సంస్థ, ఆ తొలితరములోనే నాలుగున్నర లక్షలకు మించి అమ్మినది. 1982లో దానికి డీజిలు తమ్ముడు గోల్ఫ్ జీటీడీ పుట్టాడు. ఆనాటి డీజిలు ఇంజను బలము 70 అశ్వశక్తులే. పెట్రోలు అన్నకు, డీజిలు తమ్ముడికి నడుమ పోటీ అప్పటినుండి సాగుతూనే ఉన్నది.

మనదేశములో ఆ పోటీ పోలో జీటీ రూపములో సామాన్యుని అందుబాటులోకి వచ్చినది. పుణే దగ్గరి చాకన్ కర్మాగారములో తయారైన పోలో కారుకు 2013లో రెండు జీటీ రకాలు వచ్చాయి. ఒకటి టీఎస్ఐ, అనగా 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను. రెండవది టీడీఐ, అనగా 1.6 లీటర్ల టర్బో డీజిలు ఇంజను. 2014లో ఆ డీజిలు ఇంజను స్థానములో 1.5 లీటర్ల ఇంజను వచ్చినది. 2020 ఏప్రిలులో బీఎస్-6 అనే పొగ నియమాలు అమలులోకి రాగా, ఆ సంస్థ మనదేశములో డీజిలు కార్లకు స్వస్తి చెప్పి, మూడు సిలిండర్ల 1.0 లీటరు పెట్రోలు ఇంజను తెచ్చినది. 2022లో పోలో తయారీయే ఇక్కడ ఆగిపోయినది. కనుక నేడు ఈ కారు కావాలనుకున్నవారికి చేతులు మారిన బండి తప్ప వేరొకటి లేదు. మా మేనల్లుడు చూసిన రెండు కార్లూ ఈ కోవలోనివే.

వింత ఏమంటే, వచ్చిన కొత్తలో కాగితముమీద ఈ రెండు ఇంజనుల గరిష్ఠ శక్తి ఒక్కటే. రెంటికీ 105 అశ్వశక్తులు. అట్లయితే తేడా ఎక్కడ ఉన్నది? దానిని తెలుసుకోవాలంటే ఇంజను కడుపులోకి కొంచెము తొంగిచూడాలి.

పెట్రోలు ఇంజనులో గాలినీ పెట్రోలునూ కలిపి నొక్కి, సరియైన క్షణములో స్పార్కుప్లగ్గు ద్వారా ఒక నిప్పురవ్వ రాజేస్తారు. గాలినీ ఇంధనాన్నీ కలిపి నొక్కి మండించే పద్ధతిని 1876లో నికోలస్ ఆటో అనే జర్మనీయుడు సాధించాడు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. వట్టి గాలిని పదునారు పదిహేడు వంతులు చిన్నదయ్యేటంతగా నొక్కుతారు. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు చేతికి వెచ్చగా తగలడము మనకు అనుభవమే. అదే సూత్రము. అంతగా నొక్కిన గాలి ఐదువందల డిగ్రీలకు మించి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి సన్నని తుంపరగా డీజిలు చల్లితే దానంతటదే అంటుకుంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిలు ఆగ్స్‌బర్గు పట్టణములో నడిపి చూపిన ఇంజను, ఇంధనములోని వేడిలో నూటికి 26 వంతులు పనిగా మార్చినది. ఆనాటి సామాన్య ఆవిరియంత్రాలు అందులో సగమైనా సాధించలేకపోయేవి.

రేడియో ఉన్న ఇండ్లవారికి ఇక్కడ ఒక ముచ్చట చెప్పవచ్చును. వెనుకటి పెట్రోలు కార్లు వీధిలో పోతుంటే ఇంటిలోని రేడియో చిటపటలాడేది. దానికి కారణము ఆ నిప్పురవ్వలే. ప్రతి రవ్వా ఒక చిన్న ప్రసారకేంద్రము వంటిది. ఆ రొదను అణచడానికి తీగలలో నిరోధకాలు పెట్టడము తరువాత వచ్చిన ఏర్పాటు. డీజిలు లారీ ఎంత గర్జించినా రేడియోను ఈ విధముగా ఇబ్బంది పెట్టదు. దానిలో రవ్వ లేదు గనుక.

ఇక శక్తి సంగతి. ఇంజను ఇరుసును మెలితిప్పే బలాన్ని 'టార్కు' అంటారు. బావి గిలకను తిప్పే చేతి బలము వంటిది అది. ఆ గిలకను నిమిషానికి ఎన్నిసార్లు తిప్పగలమన్నది వేగము. బలాన్ని వేగముతో గుణిస్తే శక్తి వస్తుంది. పోలో డీజిలు ఇంజను టార్కు 250 న్యూటన్ మీటర్లు. అది నిమిషానికి 1,500 చుట్లనుండి 2,500 చుట్ల వరకు లభిస్తుంది. పెట్రోలు ఇంజను టార్కు 175. అది 1,500 నుండి 4,100 చుట్ల వరకు నిలకడగా ఉంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. నిమిషానికి 2,000 చుట్ల దగ్గర డీజిలు ఇంజను సుమారు 71 అశ్వశక్తులు ఇస్తుంది. పెట్రోలు ఇంజను 50 మాత్రమే. లారీని దాటిపోవాలన్నప్పుడు గేరు మార్చకుండానే డీజిలు కారు ముందుకు నెట్టుకుపోవడానికి రహస్యము ఇదే. అయితే 2,500 చుట్లు దాటిన తరువాత డీజిలు బలము తగ్గడము మొదలవుతుంది. పెట్రోలు ఇంజను మాత్రము 5,000 వరకు ఉత్సాహముగా పాడుతూనే ఉంటుంది. మొదటిది బరువు లాగే ఒంగోలు గిత్త. రెండవది పందెపు గుర్రము.

బరువులోనూ తేడా ఉన్నది. అంతటి ఒత్తిడికి తట్టుకోవాలంటే డీజిలు ఇంజను దిట్టముగా ఉండాలి. ఆ బరువంతా ముందు చక్రాలమీద పడుతుంది. మలుపులలో పెట్రోలు కారు చులకనగా తిరుగుతుంది. డీజిలు కారు ముక్కు కొంచెము బరువుగా తోస్తుంది. సరదాకోసము బండి నడిపేవారు పెట్రోలును మెచ్చుకోవడానికి ఇది ఒక కారణము. చప్పుడు, అదురు తక్కువగా ఉండడము మరొక కారణము.

ఇంతవరకు గుణాలు చెప్పాము. ఇక సొమ్ము లెక్క.

ఒకప్పుడు డీజిలు కొనమని చెప్పడానికి ఆలోచించవలసిన పనే ఉండేది కాదు. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు సుమారు 73 రూపాయలు ఉండగా డీజిలు 41 రూపాయలే. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణను 2010లోనే తొలగించారు. డీజిలు ధరపై 2014 అక్టోబరులో తొలగించారు. అప్పటినుండి ఆ అగాధము పూడుతూ వచ్చినది. 2025లో హైదరాబాదులో పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిలు సుమారు 96 రూపాయలు. తేడా పదకొండు రూపాయలు. అయినా డీజిలుకు ఇంకొక మేలు మిగిలి ఉన్నది. ఒక లీటరు డీజిలులో ఒక లీటరు పెట్రోలులో కంటె నూటికి పది వంతులకు పైగా వేడి ఎక్కువ. ఇంజను పనితనము కూడా మెరుగు. అందుచేత లీటరుకు వచ్చే దూరము ఎక్కువ.

ఉదాహరణకు ఊరిలోనూ రహదారిలోనూ కలిపి పెట్రోలు కారు లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిలు కారు 16 కిలోమీటర్లు నడుస్తాయనుకుందాము. కంపెనీ వారి అంకెలు ఇంతకంటె ఎక్కువగానే ఉంటాయి. మన రోడ్లమీద, మన ఎండలో, చల్లనిగాలి యంత్రము వేసుకుని నడిపేవారు ఈ అంకెలు పట్టుకోవడము క్షేమము. పెట్రోలు కారుకు కిలోమీటరుకు 8 రూపాయల 92 పైసలు, డీజిలు కారుకు 6 రూపాయలు ఖర్చు. కిలోమీటరుకు 2 రూపాయల 92 పైసలు మిగులు. డీజిలు కారు వెల పెట్రోలు కారు వెలకంటె 60,000 రూపాయలు ఎక్కువ అనుకుంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి సుమారు 20,500 కిలోమీటర్లు తిరగాలి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి అందుకు మూడేండ్ల అయిదు నెలలు పడుతుంది. నెలకు 1,500 తిరిగేవారికి పదునాలుగు నెలలలోపు తీరిపోతుంది. ఈ నడుమ ఒక్క ఇంజెక్టరో టర్బోయో చెడిందా, మొదటివారి మిగులంతా ఆ బిల్లులో కలిసిపోతుంది.

మా సొంత అనుభవము చెబుతామని మాట ఇచ్చాము. కొన్నేండ్ల క్రితము మేము ఒక పాత డీజిలు కారు కొన్నాము. ఏ కంపెనీదన్నది ఇక్కడ అప్రస్తుతము. ఉదయపు తొలి ప్రసారానికి తెల్లవారకముందే మా కేంద్రానికి చేరుకోవాలి. ఇంటినుండి అయిదు కిలోమీటర్లు. తిరిగి అయిదు కిలోమీటర్లు. అంతకుమించి ఆ కారుకు మేము పని పెట్టినది అరుదు. డీజిలు చవుక కదా అని సంతోషించాము. ఏడాదిన్నర తిరగకముందే బండి ముక్కడము, నల్లపొగ విడవడము మొదలైనది. ఆటోనగరులోని ఒక వృద్ధ మేస్త్రీ గాలిగొట్టము విప్పి చూపించాడు. గొట్టములో వ్రేలు దూరనంత మసి పేరుకొని ఉన్నది.

"అయ్యగారూ, దీనికి తిండి పెట్టారు గాని పరుగు పెట్టించలేదు. ఎద్దును కొట్టములోనే కట్టేస్తే గిట్టలు పెరిగిపోవూ?" అన్నాడు.

మా అమ్మాయి చదువుకని దాచిన సొమ్ములో కొంత ఆ బాగుచేతకు తీయవలసి వచ్చినది. తప్పు కారుది కాదు. మా పనికి తగని కారును మేమే ఎన్నుకున్నాము.

ఆ మేస్త్రీ మాటలోని శాస్త్రము ఇది. పొగలోని విషవాయువులు తగ్గించడానికి డీజిలు ఇంజనులో కొంత పొగను తిరిగి లోపలికే పంపుతారు. ఆ దారిని ఈజీఆర్ అంటారు. ఇంజను బాగా వేడెక్కకముందే ఆపివేస్తూ ఉంటే ఆ దారిలోనూ గాలిగొట్టములోనూ మసి పేరుకుంటుంది. కొత్త నియమాలకు తగిన డీజిలు కార్లలో పొగగొట్టానికి మసి పట్టే జల్లెడ కూడా ఉంటుంది. రహదారిమీద కొంతసేపు ఏకధాటిగా నడిస్తేనే ఆ జల్లెడలోని మసి కాలి శుభ్రపడుతుంది. కూరగాయల బజారుకూ బడికీ మాత్రమే తిరిగే డీజిలు కారుకు ఆ అవకాశము చిక్కదు.

అట్లని పెట్రోలు కారు నిష్కళంకమనుకోరాదు. పోలో టీఎస్ఐలో పెట్రోలును తిన్నగా సిలిండరులోకే చిమ్ముతారు. వెనుకటి ఇంజనులలో పెట్రోలు గాలికవాటాల మీదుగా పోతూ వాటిని కడుగుతుండేది. ఇందులో ఆ కడుగుడు లేదు గనుక కవాటాల వెనుక నల్లని పెచ్చు కట్టవచ్చును. అంతకంటె ముఖ్యమైనది గేరుపెట్టె. 2013నుండి 2020వరకు వచ్చిన జీటీ టీఎస్ఐలో ఏడు గేర్ల డీఎస్‌జీ అనే స్వయంచాలక పెట్టె ఉన్నది. క్లచ్చి పెడలు లేకుండానే కనురెప్పపాటులో గేరు మారుతుంది. దానిలోని జంట క్లచ్చీలు నూనెలో మునగని పొడి రకము. బెంజి సర్కిలు వంటి చోట అంగుళమంగుళము పాకుతూ ఉంటే అవి వేడెక్కి అరుగుతాయి. వాటిని నడిపే మెకట్రానిక్ అనే విద్యుత్ యంత్రభాగము చెడితే ఖర్చు చాలా అవుతుంది. 2013లో ఆ సంస్థ ప్రపంచమంతటా సుమారు 16 లక్షల కార్లను వెనుకకు పిలిపించి, ఇదే రకము గేరుపెట్టెలలో నూనె మార్పించినది. 2020 తరువాత వచ్చిన 1.0 లీటరు కార్లలో స్వయంచాలక రకానికి వేరొక మాదిరి ఆరు గేర్ల పెట్టె ఉన్నది. టీడీఐకి అయిదు గేర్ల మామూలు చేతిగేరే. ఇంజను ఏదని మాత్రమే చూసి, గేరుపెట్టెను మరచిపోయినవారు సగము పరీక్షే చేసినవారవుతారు.

పెట్రోలు విషయములో మరొక కొత్త చిక్కు ఉన్నది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో నూటికి 20 వంతులు ఇథనాల్ కలపడము జరుగుతున్నది. చెరకునుండి, ధాన్యమునుండి తీసే ఆ సారములో వేడి పెట్రోలులో కంటె మూడవవంతు తక్కువ. అందుచేత లీటరుకు వచ్చే దూరము కొంత తగ్గుతుంది. ఈ మిశ్రమానికి తగినట్లు తయారైన కార్లు మన బజారులోకి వచ్చినది 2023నుండి. అంతకుముందటి కారు కొనేవారు ఇంధనపు గొట్టాలు, రబ్బరు కట్లు పరీక్ష చేయించడము మంచిది.

డీజిలు పక్షాన కూడా ఒక చరిత్ర ఉన్నది. 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఒక సంగతి బయటపెట్టినది. పరీక్షశాలలో పొగ తక్కువగా చూపి, రోడ్డుమీద ఎక్కువగా వదిలే కపటపు ఏర్పాటు ఫోక్స్‌వాగన్ డీజిలు కార్లలో ఉన్నదని తేలినది. ఆ ఇంజనుల కుటుంబానికి చెందిన సుమారు 3,23,700 కార్లను మనదేశములోనూ దిద్దుబాటుకై వెనుకకు పిలుస్తామని ఆ డిసెంబరులో సంస్థ ప్రకటించినది. కనుక ఆ కాలపు టీడీఐ కొనేవారు ఆ దిద్దుబాటు జరిగినదా అని కారు చాసిస్ సంఖ్య చెప్పి విచారించాలి.

వయసు నియమము మరొకటి. ఢిల్లీ పరిసరాలలో పదేండ్లు దాటిన డీజిలు కార్లు, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు కార్లు తిరగరాదని హరిత న్యాయస్థానము పెట్టిన నియమాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించినది. 2025లో కోర్టు ఆ కఠినత్వాన్ని సడలించినది. ఈ నియమమువలన ఎన్నో డీజిలు కార్లు చవుకగా దక్షిణాదికి తరలివచ్చాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలలో డీజిలుకు పదేండ్ల గడువు లేదు. సొంత కార్లకు పదిహేనేండ్ల రిజిస్ట్రేషను తీరిన పిమ్మట పరీక్ష చేయించి అయిదేసి యేండ్లు పొడిగించుకోవచ్చును. అయితే పరరాష్ట్రపు కారు కొంటే అక్కడి నిరభ్యంతర పత్రము కావాలి. ఇక్కడ జీవితపన్ను మరల కట్టాలి. ఆ పన్ను కలుపుకుంటే చవుక అన్న మాట చాలాసార్లు నిలవదు.

ఇక బండి దగ్గరకు వెళ్లిన తరువాత ఏమి చూడాలి? మేనల్లునితో కలిసి మేము చేసిన పరీక్షల వరుస చెబుతాము.

మొదటిది, ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. "ఇప్పుడే బయటికి తిప్పి తెచ్చామండీ" అని అమ్మేవారు అంటే అనుమానించాలి. బానెట్టుమీద చేయి వేసి చూడాలి. చల్లని ఇంజను ఎంత సులువుగా అంటుకుంటుందో, మొదటి పొగ ఏ రంగులో ఉన్నదో చూడాలి. నీలిపొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నది. నల్లపొగ వస్తే ఇంధనము సరిగా కాలడము లేదు. వదలని తెల్లపొగ, దానితోపాటు నీరు తగ్గిపోవడము కనిపిస్తే సిలిండరు మూతదగ్గరి గాస్కెట్టును శంకించాలి.

రెండవది, డీజిలు కారైతే మూడవ గేరులో మెల్లగా పోతూ ఒక్కసారి పెడలు అదమాలి. ఇంజను రొద పెరిగి బండి పెరగకపోతే క్లచ్చి జారుతున్నదని అర్థము. ఇంజెక్టర్లనుండి తిరిగివచ్చే డీజిలు కొలత తీయించాలి. టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూడాలి. ఆ బెల్టు తెగితే కవాటాలు పిస్టనులకు కొట్టుకుని ఇంజనే పోతుంది. పెట్రోలు డీఎస్‌జీ అయితే అరగంటకు తక్కువ కాకుండా ఊరి రద్దీలో నడపాలి. మొదటి గేరునుండి రెండవ గేరుకు పోయేటప్పుడు వణుకు ఉన్నదా, వెనుకగేరు వెంటనే పడుతున్నదా, మిట్టమీద జారుతున్నదా చూడాలి. వేడెక్కిన తరువాతనే ఆ పెట్టె తన నిజస్వరూపము చూపుతుంది.

మూడవది ఈ జాతి కార్లకు ప్రత్యేకమైనది. చురుకు కారు కొన్న యువకులలో చాలామందికి ఆ చురుకు చాలదు. ఇంజనును నడిపే గణకయంత్రములోని లెక్కలు మార్పించి బలము పెంచుకుంటారు. దానిని 'రీమ్యాపు' అంటారు. టర్బో ఇంజనులలో ఇది తేలిక. ఆ డీఎస్‌జీ పెట్టె తట్టుకునేందుకు నిర్ణయించిన గరిష్ఠ టార్కు 250 న్యూటన్ మీటర్లు. 175 ఇవ్వవలసిన ఇంజనును ఆ అంచువరకు సాగదీసిన కారును మనము కొంటే, మొదటి యజమాని సరదాకు మనము మూల్యము చెల్లించినట్లే. డీజిలులో ఆ బరువు క్లచ్చిమీద, టర్బోమీద పడుతుంది. అమ్మేముందు పాత లెక్కలు తిరిగి పెట్టించేవారు కూడా ఉంటారు. అందుచేత మార్చిన పొగగొట్టము, గాలిగొట్టము వంటి ఆనవాళ్లు వెదకాలి.

నాలుగవది కాగితాలు. కారు రిజిస్ట్రేషను పత్రము, అప్పు ఉంటే తీరినట్లు ముప్పైయైదవ నమూనా, యజమాని మార్పుకు ఇరవైతొమ్మిది, ముప్పై నమూనాలు, కట్టని జరిమానాలు—ఇవన్నీ చూడాలి. బీమాను పదునాలుగు రోజులలో మన పేరిట మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. మరచితే ప్రమాదము జరిగిననాడు చిక్కులు వస్తాయి.

మా మేనల్లుడు చూసిన రెండు కార్లలో డీజిలు కారు మీటరు 62,000 చూపినది. బండి తళతళలాడుతున్నది. కాని బ్రేకు పెడలుమీది రబ్బరు అరిగి నున్నగా ఉన్నది. చోదకుని ఆసనము పక్క చిరిగి ఉన్నది. సర్వీసు కాగితాలు అడిగితే దళారి మాట దాటవేశాడు. బండి సంఖ్య చెప్పి సర్వీసు చేసినచోట విచారించగా, రెండేండ్ల క్రితమే అది 1,10,000 దాటినట్లు తేలినది. మేనల్లుడు తలవంచుకుని బయటికి వచ్చాడు. అప్పటికే బయానా ఇవ్వడానికి జేబులో సొమ్ము పెట్టుకుని వచ్చాడు.

"మామయ్యా, ఇక ఆ పెట్రోలు కారే తీసుకుందామా?" అన్నాడు.

"దళారి మోసము చేస్తే డీజిలు ఏమి పాపము చేసినదిరా? నీ ప్రయాణము మారలేదుగా" అన్నాము.

కూర్చుని లెక్క వేశాము. అతని ఉద్యోగానికే నెలకు సుమారు 2,200 కిలోమీటర్లు. ఆసుపత్రి రోజులలో తల్లిని తనతోపాటే తీసుకువెళ్లి తీసుకువస్తాడు; ఆ రోజులలో ఊరిలో తిరుగుడు కొంత. దాదాపు అంతా రహదారి ప్రయాణము. ఇంజను బాగా వేడెక్కి ఏకధాటిగా నడిచే దూరము. నెలకు ఆరువేల రూపాయలకు పైగా ఇంధనములో మిగులు. అద్దెకార్లకు పోయే సొమ్ము వేరే. ఇంతకంటె డీజిలుకు తగిన పని ఉండదు. పైగా వారానికి రెండుసార్లు తప్పకుండా బండి కదలాలి. ఒకపూట బండి మొరాయిస్తే అక్కగారి చికిత్స తప్పుతుంది. అందుచేత గేరుపెట్టె ఎంత సాదాగా ఉంటే అంత నిశ్చింత. ఇదే డీజిలు ఇంజను అదే సంస్థవారి వెంటోలోనూ, స్కోడా రాపిడ్‌లోనూ ఉన్నది గనుక దాని మర్మము తెలిసిన మేస్త్రీలు గుంటూరులోనూ దొరుకుతారు.

మరొక నెల ఆగి వెదికారు. 2017 నాటి టీడీఐ ఒకటి, 84,000 కిలోమీటర్లు తిరిగినది, ఒకే యజమాని చేతిలో ఉన్నది దొరికినది. ప్రతి సర్వీసుకూ బిల్లు ఉన్నది. తళుకు లేదు, తలుపుమీద ఒక గీత కూడా ఉన్నది. మా ఆటోనగరు మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లాము. గంటసేపు పరీక్షించి, టైమింగు బెల్టు మార్చాలనీ, తక్కినది బాగున్నదనీ చెప్పాడు. ఆ ఖర్చు వెలలో తగ్గించమని అడిగితే యజమాని సగము తగ్గించాడు. ఇప్పుడు ఆ కారు నరసరావుపేట, గుంటూరు నడుమ తిరుగుతున్నది. అక్కగారు వెనుక ఆసనములో దిండు ఆనించుకుని కూర్చుంటారు. "వాడు మీ అందరికీ చెప్పినంత మెల్లగా ఏమీ నడపడు" అని మాతో ఫిర్యాదు చేశారు. కుర్రవాడి సరదా కూడా తీరినదన్నమాట.

మా సంగతి వేరు. మేము ఆ పాత డీజిలు కారును వచ్చిన వెలకు అమ్మి, చిన్న పెట్రోలు కారు తీసుకున్నాము. తెల్లవారుజామున అయిదు కిలోమీటర్లు, తిరిగి అయిదు కిలోమీటర్లు. లీటరుకు వచ్చే దూరము తక్కువే. నెల తిరిగేసరికి బిల్లు మాత్రము మాకు భయము కలిగించదు.

కనుక చదువరులకు మేము చెప్పగలిగినది ఇంత. కారు చూడడానికి వెళ్లేముందు ఒక నెలపాటు మీ ఇంటివారి ప్రయాణాలు ఒక కాగితముమీద వ్రాయండి. ఎంత దూరము, ఏ దారి, ఎన్నిసార్లు ఆగడము—అన్నీ వ్రాయండి. నెలకు వెయ్యి కిలోమీటర్లకు లోపు, ఎక్కువగా ఊరిలోనే అయితే పెట్రోలు. పదిహేనువందలకు పైగా, ఎక్కువగా రహదారిమీద అయితే డీజిలు. ఆ రెంటి నడుమ ఉన్నవారు ఇంధనముమాట ప్రక్కనబెట్టి, దొరికిన బండ్లలో కాగితాలు ఏది బాగుంటే దానిని తీసుకోవచ్చును. మంచిగా పోషించిన పెట్రోలు కారు, పాడుచేసిన డీజిలు కారుకంటె మేలు. ఆ మాట తిరగవేసి చెప్పినా నిజమే. బయానా సొమ్మును మాత్రము మొదటిరోజు జేబులో పెట్టుకుని వెళ్లకండి. ఇంటిదగ్గరే ఉంచండి.